నారుమడిలో ఎన్నాళ్లు?

క్రైస్తవ సంఘంలో కొత్త విశ్వాసి అంటే వయసులో చిన్నవాడని కాదు. అరవై ఏళ్ల రైతు కావచ్చు, నర్సింగ్ చదువుతున్న పిల్ల కావచ్చు. క్రీస్తును నమ్ముకున్నానని నిరుడో మొన్ననో చెప్పినవారంతా కొత్తవారే. ఆ మాట చెప్పిన రోజుకూ, తన విశ్వాసం మీద తాను నిలబడగలిగే రోజుకూ నడుమ కొంత కాలం ఉంటుంది. ఆ కాలంలో వారికి తోడెవరు, నేర్పవలసిందేమిటి, ఎంతదాకా పట్టుకోవాలి, ఎప్పుడు చేయి వదలాలి అన్నది సంఘం పుట్టినప్పటి నుంచీ తెగని వాదం. తెలుగు సంఘాల్లో ఈ పనిని పెంపకం అనీ, శిష్యరికం అనీ, ఎదుగుదల అనీ అంటారు. మూడూ ఒకటి కావు. పెంపకంలో పెంచేవారి చేయి పైన ఉంటుంది. శిష్యరికంలో గురువు ఎదురుగా కూర్చుంటాడు. ఎదుగుదలలో ఎదిగేవాడు తప్ప మరొకరు కనిపించరు. తగాదా అంతా ఈ మూడింటి మధ్యనే.

ఆ తగాదాకు ఇక్కడ ఇద్దరు మనుషులున్నారు. ఒకరు పాస్టరు. వేదాంత కళాశాలలో చదువుకుని, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డు పల్లెల్లో ఒక బాప్టిస్టు సంఘాన్ని చూస్తున్న నడివయసు మనిషి. రెండోవారు బైబిల్ ఉమన్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకున్న పెద్దావిడ. బైబిల్ ఉమన్ మిషన్ల కాలం నాటి కొలువు. మగ బోధకుడు అడుగు పెట్టలేని వంటిళ్లలోకి, పెరళ్లలోకి వెళ్లి ఆడవాళ్లకు వాక్యం చెప్పడం, చదువు రానివారికి అక్షరాలు దిద్దించడం ఆ పని. జీతం తక్కువ, తిరుగుడు ఎక్కువ. పాస్టరుకు ఆవిడ తల్లి వయసుది. అయినా ఆయన్ని ‘అయ్యగారూ’ అనే పిలుస్తుంది, ఆయన ‘అమ్మా’ అంటాడు. ఇద్దరి మధ్య మర్యాదకు లోటు లేదు, ఏకాభిప్రాయానికే లోటు.

మొదటి చిక్కు వరసది. బోధ ముందా, బాప్తిస్మం ముందా?

పాస్టరు: తొందరపడి నీళ్లలో దించితే తర్వాత వెతుక్కునేది మనమేనమ్మా. పాతకాలం సంఘం ఇంత తేలిగ్గా తీసుకోలేదు. ‘అపొస్తలుల సంప్రదాయం’ అన్న పాత గ్రంథం బాప్తిస్మానికి ముందు మూడేళ్లు బోధ వినమంది. నాలుగో శతాబ్దం చివర యెరూషలేము యాత్రకు వెళ్లిన ఎగేరియా అనే ఆవిడ అక్కడ చూసింది రాసిపెట్టింది. ఈస్టరుకు ముందు వారాల తరబడి రోజుకు మూడేసి గంటలు బోధ జరిగేదట. పేరు రాసుకునే ముందు బిషప్పు ఇరుగుపొరుగును పిలిపించి, వీడు తాగుతాడా, అబద్ధాలాడతాడా, అమ్మానాన్నల మాట వింటాడా అని విచారించేవాడట. పొగాకు విత్తనాన్ని తిన్నగా చేలో చల్లితే ఏమవుతుందో ఈ ప్రాంతం వాళ్లకు నేను చెప్పాలా? నారుమడి ఉండాలి.

బైబిల్ ఉమన్: నారు ముదిరినా నాటుకు పనికిరాదు అయ్యగారూ. ఐతియొపీయుడు రథం మీద పోతుంటే ఫిలిప్పు ఎక్కి కూర్చుని చెప్పాడు, దారిలో నీళ్లు కనపడగానే ఇద్దరూ దిగారు. ఫిలిప్పీ చెరసాల నాయకుడికి ఆ రాత్రే అయిపోయింది, ఇంటిల్లిపాదికీ. మూడేళ్లు ఆగమని వాళ్లకెవరు చెప్పారు?

రెండు వాదాలకూ ఆధారం ఉంది. అపొస్తలుల కార్యములలో బాప్తిస్మాలన్నీ వెంటవెంటనే జరుగుతాయి. కానీ ఆ రోజుల్లో నమ్మినవారిలో చాలామంది యూదులో, యూదుల దేవుణ్ణి అప్పటికే కొలుస్తున్నవారో. ఐతియొపీయుడి చేతిలో యెషయా గ్రంథం ఉంది. బహుదేవతారాధన నుంచి నేరుగా వచ్చేవారు పెరిగినకొద్దీ సంఘం గడువు పొడిగిస్తూ పోయింది. మనుషులను నమ్మక కాదు, వాళ్లు వస్తున్న దూరం పెరిగింది కాబట్టి. చెరసాల నాయకుడి ఉదాహరణ మాత్రం ఈ లెక్కకు లొంగదు. అతను అన్యుడే, అతనిది ఒక్క రాత్రే.

ఒంగోలు ప్రాంతంలో కూర్చుని ఈ వాదం చేసేవారికి 1878 గుర్తు రాక తప్పదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ 1866లో ఒంగోలు చేరాడు. పదేళ్లకు 1876–78 కరువు పట్టుకుంది. క్లఫ్ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి చూపాడు. కరువు పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం వచ్చినవాడెవడో, దేవుడి కోసం వచ్చినవాడెవడో తేలదని ఆయన భయం. పనులు ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకున్నారు. ఆ ఏడాది ముగిసేసరికి సంఖ్య తొమ్మిది వేలు దాటింది.

పాస్టరు: రెండు వేల మంది! అందులో ఒక్కొక్కరికి ఎవరు ఏం నేర్పి ఉంటారు?

బైబిల్ ఉమన్: నీళ్లలోకి దిగిన రోజునే మీరు లెక్క మొదలుపెడుతున్నారు. దానికి ముందు పన్నెండేళ్లు బోధకులు ఆ పాలేలకు నడిచారు. తాళ్లకొండపాడు పేరయ్య తోలు పని చేసుకునే మాదిగ. ఆయన చెబితే బావమరిది విన్నాడు, బావమరిది చెబితే వియ్యంకుడు విన్నాడు. ఎవరింట్లో ఏం జరుగుతుందో చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. ఇంతకన్నా పెద్ద విచారణ ఏముంది?

పాస్టరు: సరే, అక్కడా నియమాలున్నాయిగా. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మూడే మూడు, కానీ ఖరాఖండీగా.

ఆ మూడింటినీ ఈనాటి చూపుతో చదివితే చాదస్తంగా అనిపించవచ్చు. ఆనాటి పల్లెలో ఒక్కొక్కటి ఒక్కో తగవు. ఆదివారం కోతకు రానంటే ఆసామి ఊరుకోడు. చచ్చిన పశువును తినబోమంటే ఊరు పాలేనికి ఇచ్చే ‘హక్కు’ను కాలదన్నినట్టే. విగ్రహానికి మొక్కబోమంటే జాతరలో డప్పు మోగదు. డప్పు మోగకపోతే జాతరే లేదు. పాఠ్యప్రణాళికలు రాసేవారు ఈ సంగతిని పట్టించుకోవడం తక్కువ. ఆ మూడు నియమాలు కంఠతకు వచ్చే వాక్యాలు కావు, ఊరంతటికీ కనిపించే నడవడి. విశ్వాసి ఎదిగాడో లేదో పరీక్ష పెట్టి తెలుసుకోనక్కర లేకపోయింది, సోమవారానికల్లా ఊరే చెప్పేది. పైగా ఎవరూ ఒంటరిగా ఆ భారం మోయలేదు, పాలెమంతా కలిసి మోసింది. నేడు పట్నంలో, ఒక అపార్ట్‌మెంటులో, ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఫోనులో ప్రసంగాలు విని నమ్ముకున్న కుర్రాడి స్థితి దీనికి పూర్తిగా వేరు. అతనికి పాలెం లేదు. పాలెం చేసిన పనిని అతని విషయంలో ఒకరిద్దరు మనుషులు చేయవలసి వస్తుంది. 1878ని తోడు లేకుండా ఎదిగిన విశ్వాసానికి ఉదాహరణగా చూపేవారు ఆ తోడు ఊరి నిండా ఉండబట్టి కనిపించలేదని మరిచిపోతారు.

రెండో చిక్కు బోధనది. పాస్టరు దగ్గర అచ్చయిన పన్నెండు పాఠాల పుస్తకం ఉంది. దేవుడు, పాపం, రక్షణ, మారుమనస్సు, బాప్తిస్మం, ప్రార్థన, వాక్యధ్యానం, సంఘం, ప్రభువు బల్ల, కానుక, సాక్ష్యం, శ్రమలు. పాఠం చివర ఖాళీలు పూరించాలి. ఇలాంటి పుస్తకాలకు పెద్ద వంశమే ఉంది. సాక్సనీలో పల్లె సంఘాలు తిరిగి చూసి, జనానికీ పాదిరీలకీ కూడా మూలపాఠాలు రావని బెంబేలెత్తి లూథరు 1529లో చిన్న ప్రశ్నోత్తరిని రాశాడు. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, ఒక్కొక్కదాని కింద ‘దీనికి అర్థమేమి?’ అన్న ప్రశ్న. 1842లో హయ్యర్ అనే మిషనరీ గుంటూరు వచ్చి లూథరన్ పని మొదలుపెట్టాడు. తరతరాల తెలుగు పిల్లలు ఆ ప్రశ్నకు జవాబు అప్పజెప్పినవారే.

బైబిల్ ఉమన్: అప్పజెప్పడం ఎవరికైనా వస్తుంది. చిలక్కీ వస్తుంది.

పాస్టరు: చిలకపలుకులైనా నోట్లో ఉంటే ఏదో ఒకనాడు అర్థమవుతాయి. అసలు పలుకే లేనివాడికి అర్థం కావడానికి ఏముంది?

దీనికి ఆవిడ జవాబు వాదంగా కాక ఒక అనుభవంగా వస్తుంది. మిరపకాయల కల్లం దగ్గర తొడిమలు తీస్తున్న ఒకావిడ పక్కన కూర్చుని, మనుషులందరం పాపులమే అని మొదలుపెట్టిందట. ఆ కూలామె చేతిలో పని ఆపకుండానే, “అవునమ్మా, పాపం” అని నిట్టూర్చింది. ఆమె విన్నది నేరం కాదు, జాలి. తెలుగులో పాపం అన్న మాటకు రెండు ముఖాలు, ‘అయ్యో పాపం’ అన్నప్పుడు రెండోదే పైకి వస్తుంది. మనుషులందరూ పాపం అంటే ఎవరు కాదంటారు?

ఇదొక్కటే కాదు. సంఘంలో పుట్టి పెరిగినవారు రోజూ వాడే మాటలు బయటి నుంచి వచ్చినవారి చెవిలో మరో చోటికి వెళ్తాయి. కొత్తగా జన్మించాలి అన్న బోధ విన్న నీకొదేముకు తల్లి గర్భంలోకి మళ్లీ ఎలా వెళ్లడమన్న సందేహం వచ్చింది. అదే మాట విన్న తెలుగు మనిషికి వచ్చే జన్మ గుర్తొస్తుంది. ఈ జన్మలో ఇలా ఉన్నాం, ఆ జన్మలో బాగుంటాం కాబోలు అనుకుంటాడు, సందేహమే రాదు. అందుకే అది మరీ ప్రమాదం. దేవుని మహిమ అంటే తేజస్సు, ఘనత అని సంఘం అర్థం. మహిమలు చూపించడం అంటే అద్భుతాలు చేయడమని ఊరి అర్థం. శాంతి అంటే హృదయంలో నెమ్మది అని ఒకరు చెబుతారు, గ్రహశాంతి చేయించినట్టు ప్రార్థన చేయించుకోవాలని ఇంకొకావిడ వింటుంది. మరుసటి వారం ఆమె కొబ్బరికాయ బదులు నూనె సీసా పట్టుకొచ్చి ప్రార్థన చేయించమంటే ఆమె తప్పేమీ లేదు, నేర్పినవారు మాట చేరిన చోటు చూసుకోలేదు.

పాస్టరు: నేనూ అదేగా అంటున్నాను! ఇంత గందరగోళం ఉంది కాబట్టే మాటకు మాట అర్థం విడమరిచే పాఠాలు కావాలి.

బైబిల్ ఉమన్: పాఠంలో మీరు చెబుతారు, ఆమె తలూపుతుంది. తలూపిందంటే అర్థమైందనే మీ నమ్మకం. తొడిమలు తీస్తూ ఆమె ‘పాపం’ అనబట్టి నాకు తెలిసింది. క్లాసులో కూర్చోబెడితే ఆ మాట ఆమె నోట వచ్చేదా?

ఈ విడతలో ఆవిడదే పైచేయి. కొత్త విశ్వాసికి ఏం తెలియదన్నది పెద్ద ప్రశ్న కాదు; తెలిసిందనుకుంటున్నది ఏమిటన్నదే ప్రశ్న. అది ఖాళీలు పూరిస్తే బయటపడదు, అతను తన మాటల్లో తిరిగి చెప్పినప్పుడే బయటపడుతుంది. అయితే పాస్టరు పన్నెండు పాఠాలను అంత తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. కల్లం దగ్గర కూర్చోగల మనిషి ప్రతి సంఘానికీ దొరకదు, ఆ మనిషి పోతే ఆమె నేర్పిన పద్ధతీ ఆమెతోనే పోతుంది. పుస్తకం మాత్రం ఉంటుంది.

చదివే వరస మీద ఇద్దరూ తొందరగానే రాజీపడతారు. కొత్త బైబిలు చేతికిస్తే ఎవరైనా మొదటి పేజీ నుంచే మొదలుపెడతారు. ఆదికాండము కథలతో హాయిగా సాగుతుంది, నిర్గమకాండము సగం వరకు ఫరవాలేదు, గుడారపు కొలతల దగ్గర కాళ్లు పీకుతాయి, లేవీయకాండములో మనిషి కూలబడతాడు. అందుకే ముందు మార్కు సువార్త. పదహారే అధ్యాయాలు, కథ పరుగెత్తుతుంది. చదువు రానివారికి కీర్తనలు. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటివారు క్రైస్తవ బోధను తెలుగు రాగాల్లో కూర్చి పెట్టారు. అక్షరం రాని ముసలమ్మలు వేదాంతమంతా పాటగా మోసుకొచ్చారు. ‘తెలుగు బైబిలు గ్రాంథికంలో ఉంది, అర్థం కాదు’ అనే ఫిర్యాదు నిజమే గానీ, కీర్తనల భాష అంతకంటే తేలికేమీ కాదు. పాడేవాళ్లు దాన్ని ఎప్పుడూ కష్టమనలేదు.

మూడో చిక్కు ఆచారాలది. బొట్టు, పండగ భోజనం, చనిపోయినవారి దినాలు, పెళ్లి ముహూర్తం. ఇక్కడ ప్రతి సంఘానికీ ఒక కట్టడి ఉంటుంది, ఏ రెండు సంఘాల కట్టడీ ఒకటి కాదు.

పాస్టరు: మొదటి రోజే స్పష్టంగా చెప్పేయాలి. పోనీలే పోనీలే అని ఆర్నెల్లు ఊరుకుని ఆ తర్వాత వద్దంటే, ముందే ఎందుకు చెప్పలేదంటారు. మోసపోయినట్టు అనుకుంటారు.

బైబిల్ ఉమన్: శ్రీరామనవమి నాడు పక్కింటావిడ చెంబుతో పానకం పట్టుకొస్తుంది. కొత్తగా నమ్ముకున్న కోడలు తలుపు తీస్తుంది. వెనకాల మంచం మీద అత్తగారు చూస్తూ ఉంటుంది. ఆ నిమిషంలో మీ పాఠం ఏం చెబుతుంది?

పాస్టరు: విగ్రహాలకు అర్పించినవాటి సంగతి పౌలు కొరింథీయులకు వివరంగానే రాశాడు.

బైబిల్ ఉమన్: రాశాడు. విగ్రహం ఒట్టిది, తినకపోతే మనకు తక్కువ లేదు, తింటే ఎక్కువా లేదన్నాడు. బలహీనుడైన సహోదరుడు చూసి పడిపోతాడేమో, అది చూసుకోమన్నాడు. ఒక్క వాక్యంలో తేల్చేదైతే అన్ని అధ్యాయాలు ఎందుకు రాస్తాడు?

పాస్టరు: మరి మీరేం చెబుతారా పిల్లకు?

బైబిల్ ఉమన్: నేను ముందు చెప్పను. నీకేమనిపిస్తోందని అడుగుతాను. తాగలేనంటే, నవ్వుతూ చెంబు అందుకుని, నేను తాగనత్తా, పిల్లలకిస్తానులే అనో, మరొకటో, గుమ్మంలో మనిషిని చిన్నబుచ్చకుండా ఎలా చెప్పాలో ఇద్దరం అనుకుంటాం. తాగేస్తే, తాగినందుకు ప్రభువు వదిలేశాడేమోనని రాత్రి ఏడవకుండా చూసుకుంటాను.

పాస్టరుకు ఈ జవాబు మెత్తగా అనిపిస్తుంది, అనిపించడంలో న్యాయం ఉంది. సంఘం అంటే ఒక్క కోడలే కాదు. పక్క బజారులో ఇంకో కొత్త విశ్వాసి ఇదే పానకానికి ఇంటి నుంచి గెంటించుకుని ఉండవచ్చు. ఆమెకు ఈమె ఉదాహరణ ఏమవుతుంది? పౌలు బలహీనుడంటూ చెప్పింది సరిగ్గా ఇలాంటివారి గురించే. ఆజ్ఞ ఇచ్చి అమలు చేయించినదానికీ, ఆలోచించుకుని తానే తేల్చుకున్నదానికీ తేడా మాత్రం ఏడాది తిరిగేసరికి కనిపిస్తుంది. ఆజ్ఞతో బొట్టు తీసినామె పుట్టింటికి వెళ్లినప్పుడు పెట్టుకుంటుంది, ఆదివారం తుడుచుకుంటుంది. అలా ఆమె నేర్చుకున్నది రెండు మొహాలతో బతకడం.

ఆచారాలకన్నా కాగితాల సంగతి మరింత ఇబ్బందికరం, పన్నెండు పాఠాల పుస్తకంలో దాని ఊసే ఉండదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కుల హోదా హిందువులకు, తర్వాతి సవరణలతో 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే వర్తిస్తుంది. క్రైస్తవం పుచ్చుకున్న దళితులు తెలుగు రాష్ట్రాల్లో బి.సి.-సి కిందికి వస్తారు. బాప్తిస్మానికి వచ్చిన కుర్రాడి చదువు, ఉద్యోగం దీనితో ముడిపడి ఉంటాయి. ఈ మాట బాప్తిస్మానికి ముందే చెప్పాలని పాస్టరు పట్టు. వెల చెప్పకుండా సరుకు అమ్మకూడదంటాడు. ఆవిడ చెప్పవద్దనదు. అయితే అదొక్కటే చెప్పి ఊరుకుంటే కుర్రాడు భయపడి దాక్కుంటాడనీ, దాక్కున్న విశ్వాసికి తోడు ఇంకా ఎక్కువ కావాలనీ అంటుంది. ఇద్దరికీ తెలిసి, ఇద్దరూ పైకి అనని సంగతి ఒకటుంది. సంఘంలో పాత విశ్వాసులలోనే కాగితం మీద ఒకటి, బల్ల దగ్గర మరొకటిగా బతికేవారు ఉన్నారు. కొత్తవాడు ముందు చూసేది వాళ్లనే.

నాలుగో చిక్కు దగ్గర పాస్టరు గొంతు పెరుగుతుంది. ఒక మనిషిని ఒక మనిషి చేతిలో పెట్టడం ఎంతవరకు క్షేమం? 1970లలో అమెరికాలోని ఫ్లోరిడాలో, ఫోర్ట్ లాడర్‌డేల్ కేంద్రంగా ఐదుగురు బోధకులు ఒక ఉద్యమం నడిపారు. ప్రతి విశ్వాసీ ఒక కాపరికి లోబడి ఉండాలన్నది వారి బోధ. మొదట అది మంచి మాటే అనిపించింది, దిక్కులేకుండా తిరిగే కొత్త విశ్వాసులకు ఒక దిక్కు దొరికింది. పోనుపోను పెళ్లి, ఉద్యోగం, ఇల్లు మారడం కూడా కాపరి అనుమతితో జరగవలసి వచ్చింది. 1980ల మధ్యకల్లా ఆ బృందం చెదిరిపోయింది. ఐదుగురిలో ఒకరైన బాబ్ మంఫర్డ్ తర్వాత బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు.

పాస్టరు: మీరు మంచివారమ్మా. మీ చేతిలో పెట్టొచ్చు. మీలాంటి వేషం వేసుకుని ఇంకొకడు వస్తే? ‘ప్రభువు నాతో చెప్పాడు, నువ్వీ సంబంధం చేసుకో’ అంటే? అప్పు అడిగితే? పాఠాల పుస్తకానికి ఒక సుగుణం ఉంది, అది ఎవరినీ అప్పు అడగదు.

ఆవిడ దీనికి ఎదురు చెప్పదు. కొన్ని హద్దులు ఆవిడ పనిలో మొదటి నుంచీ ఉన్నవే. ఆడవాళ్లకు ఆడవాళ్లే, మగవాళ్లకు మగవాళ్లే తోడు. తలుపులు తెరిచిన ఇంట్లోనే ప్రార్థన. డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం లేదు. ప్రభువు నాతో చెప్పాడు అన్న మాట రెండోవారి జీవితం గురించి వాడకూడదు. పాస్టరు వీటిని కాగితం మీద పెట్టి, సంఘ పెద్దలు చదివి సంతకం చేయాలంటాడు. కాగితం మీద పెట్టడమే సరి. మంచితనం మీద మాత్రమే ఆధారపడిన ఏర్పాటు మంచివాళ్లున్నంత కాలమే నడుస్తుంది.

ఒక్కరే కాక కొందరు కలిసి చూసుకునే పద్ధతికి పాత ఉదాహరణ ఇంగ్లండులో ఉంది. 1742లో బ్రిస్టల్ మెథడిస్టులు మందిరం అప్పు తీర్చడానికి సభ్యులను పన్నెండేసి మందిగా విడదీసి, వారానికి తలకో పెన్నీ వసూలు చేయాలనుకున్నారు. వసూలుకు ఇంటింటికీ వెళ్లిన నాయకుడి కంట ఇళ్ల లోపలి సంగతులు పడ్డాయి: ఒకడు తాగుతున్నాడు, ఒకడు భార్యతో గొడవ పడుతున్నాడు. అప్పు కోసం పుట్టిన ఆ ఏర్పాటును జాన్ వెస్లీ ఆత్మీయ సంరక్షణకు వాడుకున్నాడు, మెథడిస్టుల ‘క్లాసు’ కూటాలు అలా వచ్చాయి. తెలుగు సంఘాల్లో పిడికెడు బియ్యం ఇలాంటిదే. వండే ముందు పిడికెడు గింజలు పక్కన వేసి ఆదివారం కానుకగా తెస్తారు. డబ్బా వరుసగా రెండు వారాలు రాకపోతే ఆ ఇంట్లో గింజలు లేవని అర్థం, లేదా మనసు బాగాలేదని అర్థం. బైబిల్ ఉమన్ చెప్పులేసుకుని బయల్దేరడానికి ఆ గుర్తు చాలు.

ఐదో చిక్కు పడిపోయినవారిది. తాగుడు మానేసి బాప్తిస్మం తీసుకున్న తాపీమేస్త్రీ నాలుగో ఆదివారానికి మళ్లీ తాగాడనుకుందాం. పాస్టరు కొంతకాలం ప్రభువు బల్ల దూరం పెట్టాలంటాడు. ఆవిడ ఆ రాత్రే వెళ్లాలంటుంది. ఇద్దరికీ వాక్యంలో దిక్కుంది. పంఫులియలో వదిలేసి వెళ్లిపోయిన మార్కును రెండో ప్రయాణానికి వెంటబెట్టుకోవడానికి పౌలు ఒప్పుకోలేదు, బర్నబా ఒప్పుకున్నాడు. అంతకు ముందు యెరూషలేములో అందరూ పౌలును చూసి జడిసినప్పుడు చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది ఆ బర్నబాయే. ఇద్దరూ కలహించుకుని విడిపోయారు. చివరికి పౌలే మార్కును తీసుకురమ్మని, తనకు పనికొస్తాడని తిమోతికి రాస్తాడు. బర్నబా గెలిచాడని ఆవిడ అంటుంది. పౌలు కాదనడం వల్లనే మార్కుకు బుద్ధి వచ్చిందేమోనని పాస్టరు అంటాడు. దాన్ని కొట్టిపారేయడానికి ఆధారం లేదు.

పాస్టరు: మీరు వెళ్లి అతని పక్కన కూర్చుంటారు. అతని భార్య పక్కన ఎవరు కూర్చుంటారు? దెబ్బలు తిన్నది ఆమె.

ఈ ప్రశ్నకు ఆవిడ కాసేపు మాట్లాడదు. అతన్ని చేరదీయడమూ, ఆమెను ఆ ఇంటి నుంచి బయటికి తీసుకురావడమూ ఒకే రాత్రి జరగవలసిన పనులు, ఒక్కరే చేయగలిగినవి కావు. క్షమ నేర్పే తొందరలో ఆమెను తిరిగి అదే గుమ్మంలోకి తోసిన సంఘాలున్నాయి. ఇక్కడ పాస్టరుదే న్యాయం.

ఆవిడ దగ్గర ఒక పాత బడి నోటుపుస్తకం ఉంది. ప్రార్థించవలసిన పేర్లు అందులో రాసుకుంటుంది. ఒక పేరు కొట్టేయడం అంటే ఆ మనిషి మానేశాడని కాదు. ఇంకొకరి కోసం ప్రార్థించడం మొదలుపెట్టాడని. పాస్టరు రిజిస్టరులో గడులు వేరు: బాప్తిస్మం తేదీ, పూర్తి చేసిన పాఠాలు, హాజరు. రెండింటిలోనూ ఉన్న పేర్లు చాలానే, ఒక్కదానిలో మాత్రమే ఉన్నవీ తక్కువేం కాదు.

చివరి చిక్కు వదలడం. దోర్నకల్ బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912లో అభిషేకం పొందిన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు. కొత్తగా బాప్తిస్మం పొందినవారి చేత, తమ తల మీద తామే చేయి పెట్టుకుని, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ అన్న పౌలు మాట పలికించేవాడు. బాప్తిస్మం నాడే బాధ్యత. పల్లెల్లో దోర్నకల్ సంఘం విస్తరించడానికి ఆ పద్ధతి చాలా తోడ్పడింది.

పాస్టరు: అదే పౌలు కొత్తగా చేరినవాణ్ణి అధ్యక్షుడిగా పెట్టవద్దని, గర్వపడి పడిపోతాడని తిమోతికి చెప్పాడు. మొన్న నమ్ముకున్నవాడికి నేడు స్టేజీ మీద మైకిస్తున్నారు. సాక్ష్యం చెప్పిన ప్రతిసారీ అతని పాత పాపాలు కాస్త పెద్దవవుతాయి.

బైబిల్ ఉమన్: మైకు వేరు, పక్కింటి అరుగు వేరు అయ్యగారూ. అజరయ్యగారు అరుగు మీద చెప్పమన్నారు. అరుగు మీద అబద్ధం చెబితే పక్కింటివాళ్లకు తెలిసిపోతుంది.

మైకు ఏడాది దాకా వద్దన్న దగ్గర ఇద్దరూ కలిశారు. అరుగుకు గడువు అక్కర్లేదన్నదీ పాస్టరు ఒప్పుకున్నాడు. ఏడాదిని ఏ రోజు నుంచి లెక్కపెట్టాలన్న దగ్గర మాత్రం, బాప్తిస్మం తేదీ నుంచి అని ఆయన, ఎవరూ చెప్పకుండా తన మాటల్లో తాను మొదటిసారి ప్రార్థించిన రోజు నుంచి అని ఆవిడ. ఆ రోజు రిజిస్టరులో ఎలా ఎక్కించమంటారని ఆయన అడిగాడు. వాదం మళ్లీ మొదటికి వచ్చింది.